సిలికాన్ గన్ను కొనేముందు



తొలకరికి ముందే ఇంటి కప్పు చూసుకోవడం మన పెద్దల నాటి నుండి వస్తున్న అలవాటు. పెంకుటింట్లో జారిన పెంకులు సర్దేవారు. పూరింటి మీద కొత్త తాటాకు కప్పేవారు. ఇప్పుడు మనలో అనేకులము స్లాబు ఇళ్ళలోను, అపార్టుమెంట్లలోను ఉంటున్నాము గనుక ఆ పని తప్పిందనుకుంటాము. కాని నీరు దారి మార్చుకున్నదే తప్ప రావడం మానలేదు. సింకు చుట్టూ, వంటగట్టు గోడను తాకే చోట, వాష్ బేసిను వెనుక, స్నానాలగది మూలల్లో, కిటికీ చట్రానికీ గోడకూ నడుమ ఉండే సన్నని సందులే ఇప్పుడు దానికి దారులు.

ఈ సందులు పూడ్చమని మేస్త్రీని పిలిస్తే, "ఇంత చిన్న పనికి రాలేనమ్మా, ఇంకేదైనా పని ఉంటే కలిపి చేస్తాను" అంటాడు. వచ్చినా ఒక పూట కూలి ఇవ్వవలెను. అందుచేత చాలా ఇళ్ళలో ఆ పని ఏళ్ళ తరబడి వాయిదా పడుతుంది. నిజానికి ఇది ఇంటివారు స్వయంగా చేసుకోదగిన పని. దానికి ఒక చిన్న పనిముట్టు, ఒక ట్యూబు సీలెంటు, ఒక గంట సమయం ఉంటే చాలును. ఆ పనిముట్టును షాపుల్లో సిలికాన్ గన్ను అంటారు. కొందరు సీలెంట్ గన్ను, కాకింగ్ గన్ను అని కూడా పిలుస్తారు. దానిని ఎలా ఎంచుకోవలెనో, ఎలా వాడవలెనో ఈ నెల మన శీర్షికలో చెప్పుకుందాము.

ఒక్క మాట ముందే చెప్పి మొదలు పెడతాము. మనము చెయ్యి ఆపిన చోట తానూ ఆగే గన్నే మంచి గన్ను. మిగిలిన సంగతులన్నీ దీని తరువాతివే.

సందు చిన్నది, నష్టం పెద్దది

సింకు అంచున వెంట్రుక మందం సందు పడిందనుకోండి. పైకి ఏమీ కనిపించదు. గిన్నెలు కడిగిన ప్రతిసారీ కొన్ని చుక్కలు అందులోకి దిగుతాయి. సింకు కింద ప్లైవుడ్ అర ఉంటే అది కొన్ని నెలల్లో ఉబ్బుతుంది, తలుపు సరిగా పడదు, అంచులు పొరలు పొరలుగా విడిపోతాయి. ఒక ట్యూబుతో ఆగవలసిన ఖర్చు వడ్రంగి దాకా వెళ్తుంది.

స్నానాలగదిలో అయితే నీరు టైల్సు వెనుకకు చేరి, గోడకు అవతలి వైపు పడకగదిలో చెమ్మగా బయటపడుతుంది. సున్నం పెచ్చులుగా ఊడుతుంది, గోడ మీద తెల్లని ఉప్పు పూత లేస్తుంది. రంగు వేయించినా ఆరు నెలలు నిలవదు. రంగు వేసేవాణ్ణి తప్పు పడతాము గాని, మూలం గోడకు ఇవతల ఉన్నదని గమనించము. ఆ చెమ్మ గోడలోనే స్విచ్ బోర్డు ఉంటే సంగతి డబ్బుతో పోదు, ప్రాణం మీదికి వస్తుంది. చెమ్మ ఎక్కిన గోడలో స్విచ్ తాకగానే చేతికి జిల్లుమంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ను పిలిపించాలి. సందు పూడ్చే పని ఆ తరువాత.

ఇక చీమలు, బొద్దింకలు. వంటగట్టు వెనుక తడి, తిండి తునకలు రెండూ దొరికే సందు వాటికి స్థిరనివాసం. ఎన్ని మందులు చల్లినా ఆ ఇల్లు మూయకపోతే అవి తిరిగి వస్తూనే ఉంటాయి.

సముద్రతీరంలో ఉన్నవారికి ఇంకొక కష్టం ఉంది. తుపాను గాలి వానను నిలువుగా పడనీయదు, అడ్డంగా కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన రోజును ఆ ప్రాంతపువారు మరచిపోలేదు. అటువంటి గాలిలో కిటికీ రెక్కలు ఎంత గట్టిగా మూసినా, చట్రానికీ గోడకూ మధ్య సందు ఉంటే చాలును, నీరు గదిలోకి వస్తుంది.

ఇది కొత్త విద్య కాదు

సందు పూడ్చి నీటిని ఆపే విద్య చాలా పాతది. మన తీరప్రాంతాలలో చెక్క పడవలు కట్టేవారు పలకల మధ్య దూదో నారో కుక్కి, పైన తారు, గుగ్గిలము వంటివి పూసేవారు. నోవహు ఓడకు లోపలా బయటా కీలు పూసిన సంగతి మన పాఠకులందరికీ తెలిసినదే. ఇళ్ళ కిటికీ అద్దాలకు మన వడ్రంగులు సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన లప్పం పెట్టేవారు. అది ఎండి బిగుసుకుని, కొన్నేళ్ళకు పగిలి రాలిపోయేది. వంటింట్లో తెల్ల సిమెంటుదీ అదే కథ. సిమెంటు సాగదు. గట్టు, గోడ, సింకు ఎండకూ వేడినీళ్ళకూ వెంట్రుకవాసి సాగి ముడుచుకుంటూ ఉంటాయి. సాగని సిమెంటు వాటి నడుమ నిలువలేక పగులుతుంది. ఇప్పటి సీలెంట్లు రబ్బరులాగా సాగుతాయి. అందుకే అవి సందుల్లో ఎక్కువ కాలం నిలుస్తాయి.

గన్ను ఎలా పని చేస్తుంది

గన్నులో నాలుగే భాగాలు. ట్యూబును పట్టి ఉంచే చట్రం ఒకటి. ట్యూబు అడుగును ముందుకు తోసే పొడవాటి కడ్డీ, దాని చివర గుండ్రని బిళ్ళ రెండవది. చేతితో నొక్కే ట్రిగ్గరు మూడవది. కడ్డీని వెనక్కు వదిలే చిన్న రేకు నాలుగవది. ట్రిగ్గరు నొక్కినప్పుడు లోపలి పట్టుబిళ్ళ కడ్డీని పట్టుకుని కొంచెం ముందుకు జరుపుతుంది. వదిలినప్పుడు స్ప్రింగు వల్ల ఆ పట్టుబిళ్ళ వెనక్కు వస్తుంది, కడ్డీ మాత్రం ఉన్నచోటే నిలుస్తుంది. ట్యూబు అడుగున ఉన్న మూత జరిగిన కొద్దీ ముక్కులో నుండి సీలెంటు వస్తుంది. కేకు మీద క్రీముతో పువ్వులు వేసే సంచి గుర్తు తెచ్చుకోండి. ఆ సంచిని చేతితో పిండుతారు, ఈ ట్యూబును కడ్డీతో తోస్తారు. అంతే భేదం.

ఈ సంగతి తెలిస్తే ఏ గన్ను మంచిదో సగం తెలిసినట్లే. చట్రం వంగరాదు, పట్టుబిళ్ళ జారరాదు, కడ్డీ తిన్నగా సాగవలెను, వదిలిన వెంటనే ఒత్తిడి తగ్గవలెను.

షాపులో ఏమి చూడాలి

షాపువారు సాధారణంగా, "అన్నీ ఒకటేనమ్మా, ఏదో ఒకటి తీసుకెళ్ళండి" అంటారు. అన్నీ ఒకటి కావు. ఈ ఆరు సంగతులు వరుసగా చూసుకోండి.

మొదటిది, ట్యూబు కొలత. ఇళ్ళలో వాడే ట్యూబులు సాధారణంగా 280 నుండి 310 మిల్లీలీటర్లవి, గట్టి ప్లాస్టిక్కువి. పెద్ద భవనాల పనివారు 600 మిల్లీలీటర్ల మెత్తని రేకు పొట్లాలు వాడతారు. వాటికి చుట్టూ మూసి ఉన్న గొట్టపు గన్ను కావలెను. ఇంటికి అది అక్కరలేదు. చిన్న ట్యూబుకు సరిపడే గన్నునే అడగండి. వీలైతే కొనబోయే ట్యూబును అక్కడే గన్నులో పెట్టించి చూడండి. అటూ ఇటూ ఊగకుండా కూర్చోవలెను.

రెండవది, చట్రం. వంచిన పలుచని రేకు చట్రాలు అన్నిటికంటే చవక. చిక్కని సీలెంటు పెట్టి నొక్కగానే అవి అరటిబొదెలాగా వంగుతాయి, ట్యూబు పక్కకు జారుతుంది. రెండు కడ్డీల నడుమ ట్యూబును ఆనించే చట్రమైతే ఆ కడ్డీలు లావుగా ఉండాలి. ఇంకొక రకంలో ట్యూబు కిందుగా సగం గొట్టంలాంటి తొట్టె ఉంటుంది. రెండిటిలో ఏదైనా ఫరవాలేదు. ముందు అంచునూ వెనుక పిడినీ రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా మెలిపెట్టి చూడండి. మెలి తిరిగితే పక్కన పెట్టేయండి. తీరప్రాంతంలో ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది గనుక, అక్కడివారు మంచి పూత ఉన్నది గాని, అల్యూమినియంది గాని తీసుకోవడం మేలు.

మూడవది, కడ్డీ. పళ్ళున్న కడ్డీ, నున్నని కడ్డీ అని రెండు రకాలు. పళ్ళున్న కడ్డీ టక్ టక్ మని ఒక్కొక్క పన్ను చొప్పున ముందుకు పోతుంది. ఆపాలంటే కడ్డీని చేత్తో తిప్పి పళ్ళను విడిపించాలి. ఆ లోపల సీలెంటు కారుతూనే ఉంటుంది. నేల మీద, టైల్సు మీద పడే మరకలు ఎక్కువగా ఇలా పడేవే. నున్నని కడ్డీ ఉన్న గన్నులో పిడి వెనుక బొటనవేలితో నొక్కే రేకు ఉంటుంది. దానిని నొక్కగానే ఒత్తిడి తగ్గుతుంది. ఇంకొంచెం మంచి రకాల్లో ట్రిగ్గరు వదలగానే కడ్డీ దానంతట అదే వెంట్రుకవాసి వెనక్కు వస్తుంది. పెట్టె మీద "డ్రిప్‌లెస్" అని ఉంటుంది, అంటే కారనిది అని అర్థం. మొదటిసారి పని నేర్చుకునేవారికి ఇదే అన్నిటికంటే ఉపయోగం. నాలుగు రూపాయలు ఎక్కువైనా దీనికే పెట్టండి.

నాలుగవది, బలం. కొన్ని పెట్టెల మీద 6:1, 12:1, 18:1, 26:1 అనే అంకెలు ఉంటాయి. మనము ట్రిగ్గరు మీద పెట్టిన బలం కడ్డీ దగ్గర ఎన్ని రెట్లు అవుతుందో ఆ అంకె చెబుతుంది. ఎక్కువ అంకె ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. కాని ఇందులో ఒక లెక్క ఉన్నది. బలం పెరిగిన కొద్దీ కడ్డీ నడక తగ్గుతుంది. ట్రిగ్గరు చేతిలో 60 మిల్లీమీటర్లు కదిలితే, 6:1 గన్నులో కడ్డీ సుమారు 10 మిల్లీమీటర్లు పోతుంది. 12:1 లో 5. 18:1 లో మూడు పైచిలుకు మాత్రమే. పలుచని ఆక్రిలిక్ సీలెంటుకు 6:1 సరిపోతుంది. ఇళ్ళలో వాడే సిలికానుకు 10:1, 12:1 చక్కగా సరిపోతాయి. పాలియురథేను వంటి బిగువైన వాటికి 18:1 కావలెను. 26:1 గన్నులు కాంక్రీటులో బోల్టులు బిగించే రసాయనాల వంటి బహు చిక్కని పదార్థాలకు. అయితే చేతుల్లో పట్టు తక్కువైనవారు, కీళ్ళనొప్పులున్నవారు సిలికానుకు కూడా 18:1 తీసుకుంటే శ్రమ తగ్గుతుంది. నాలుగుసార్లు ఎక్కువ నొక్కవలసి వస్తుంది గాని చెయ్యి వణకదు, గీత వంకర పోదు.

ఐదవది, పిడి. మీ చెయ్యి పెట్టి చూడండి. ట్రిగ్గరును పూర్తిగా తెరిచినప్పుడు వేళ్ళు దానిని అందుకోవాలి. మగవారి చేతికి సరిపోయేది ఆడవారి చేతికి పెద్దది కావచ్చును. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో వారే షాపుకు వెళ్ళి చూసుకోవడం మంచిది. రేకు అంచులు అరచేతిలో గుచ్చుకుంటే వద్దు.

ఆరవది, అదనపు సదుపాయాలు. కొన్ని గన్నులకు ముక్కు కోసే చిన్న బ్లేడు, ట్యూబు లోపలి పొరను పొడిచే సన్నని తీగ అతికించి ఉంటాయి. ఉంటే సంతోషం. లేకపోతే ఇంట్లో బ్లేడు, మేకు ఉండనే ఉన్నాయి. వీటి కోసం బలహీనమైన చట్రాన్ని తీసుకోకండి. బ్యాటరీతో నడిచే గన్నులు రోజంతా ఇదే పని చేసేవారికి. ఏడాదికి రెండు మూడుసార్లు వాడే ఇంటికి అది వృథా ఖర్చు.

చివరిగా, ఖాళీ గన్నుతో ఒక పరీక్ష చేయండి. ట్రిగ్గరును పదిసార్లు నొక్కండి. ప్రతిసారీ కడ్డీ ఒకే కొలతగా జరగాలి. తరువాత కడ్డీ చివరి బిళ్ళను అరచేతితో వెనక్కు గట్టిగా నెట్టండి. జారకుండా నిలిచిందంటే పట్టుబిళ్ళ మంచిది. ఇప్పుడు రేకు నొక్కి కడ్డీని లాగండి. సులువుగా రావాలి. ఈ మూడూ నెగ్గితే నిశ్చింతగా కొనండి.

ట్యూబును కూడా చదివి కొనండి

గన్ను ఎంత మంచిదైనా తప్పు ట్యూబు పెడితే పని పాడవుతుంది. ట్యూబు మీద మొట్టమొదట తేదీ చూడండి. సీలెంట్ల ఆయుష్షు సాధారణంగా ఒక ఏడాది. గడువు దాటినది ట్యూబులోనే గట్టిపడి ఉంటుంది, లేదా పూసిన తరువాత ఎన్నాళ్ళకూ ఆరక జిగురుగా ఉండిపోతుంది. ఎండలో అద్దాల వెనుక పెట్టి అమ్మేవి తీసుకోకండి.

సిలికానులో రెండు రకాలు. ఒకటి పూసేటప్పుడు వెనిగరు వాసన వస్తుంది. అందులో నుండి ఆమ్లం వెలువడుతుంది. అద్దానికి, టైల్సుకు, స్టీలు సింకుకు అది బాగా పట్టుతుంది. కాని పాలరాయిని, తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండల వంటి సున్నపురాళ్ళను ఆ ఆమ్లం తింటుంది. నిలువుటద్దం వెనుక పూతను పాడు చేస్తుంది. సిమెంటు గోడకు సరిగా పట్టదు. అటువంటి చోట్ల "న్యూట్రల్" అని వ్రాసి ఉన్న రెండవ రకం వాడాలి. వెల కొంచెం ఎక్కువ. గ్రానైటు గట్టుకు కూడా మరక పట్టని న్యూట్రల్ రకమే క్షేమం. స్నానాలగదికి, సింకుకు అయితే బూజు పట్టనిది అడగండి. "శానిటరీ" అని వ్రాసి ఉంటుంది. సిలికాను మీద రంగు నిలవదని కూడా గుర్తుంచుకోండి.

రంగు వేయవలసిన చోట, అంటే తలుపు చట్రానికీ గోడకూ మధ్య, గోడలో వెంట్రుక పగుళ్ళలో, ఆక్రిలిక్ సీలెంటు వాడాలి. అది నీటితో కడిగితే పోతుంది, పని సులువు. కాని నీరు నిలిచే చోట పనికిరాదు. ఎండకూ వానకూ ఎదురుగా ఉన్న బయటి గోడల అతుకులకు పాలియురథేను మంచిది, దాని మీద రంగు కూడా వేయవచ్చును. చేతికి అంటితే మాత్రం ఒక పట్టాన వదలదు గనుక చేతి తొడుగులు వేసుకోండి.

ఎంత కొనాలి అన్నదానికి సులువైన లెక్క ఉన్నది. సందు వెడల్పును లోతుతో గుణించండి, రెండూ మిల్లీమీటర్లలో. వచ్చిన అంకె ఒక మీటరు పొడవుకు పట్టే మిల్లీలీటర్లు. 6 వెడల్పు, 6 లోతు సందుకు మీటరుకు 36 మిల్లీలీటర్లు. 280 మిల్లీలీటర్ల ట్యూబు ఏడు మీటర్లు దాటి వస్తుంది. గోడా గట్టూ కలిసే మూలలో ముక్కోణంగా వేసే గీతకు ఇందులో సగమే పడుతుంది. అంటే ఒక సింకు, ఒక వాష్ బేసిను, వంటగట్టు వెనుక అంచు కలిపి చాలా ఇళ్ళలో ఒక్క ట్యూబుతో తీరిపోతాయి.

పని చేసే విధానము

సగం పని గన్ను పట్టకముందే ఉన్నది. పాత సిలికాను మీద కొత్తది అంటదు. కావున పాతదాన్ని బ్లేడుతో కోసి, గీకి పూర్తిగా తీసేయాలి. నూనె, సబ్బు జిడ్డు పోయేలా కడిగి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. తరువాత స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడవండి. తడి మీద పూసిన సీలెంటు పొరలాగా లేచి వస్తుంది. ఇళ్ళలో ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

సందుకు రెండు వైపులా కాగితపు టేపు వేయండి. గీత తిన్నగా వస్తుంది. సందు వెడల్పుగా ఉంటే లోపల నురుగు తాడు కుక్కి, దాని మీద సీలెంటు వేయాలి. అప్పుడు సీలెంటు అటూ ఇటూ రెండు గోడలకే అంటుతుంది, అడుగుకు అంటదు. రెండు వైపుల మధ్య సాగగలదు, మూడు వైపులా అంటితే చిరుగుతుంది. లోతు వెడల్పులో సగం ఉంటే చాలును.

ముక్కును ఏటవాలుగా, సందు వెడల్పుకు మించకుండా కోయండి. పెద్దది కోసిన తరువాత చిన్నది చేయలేము గనుక మొదట చిన్నగా కోసి చూసుకోవడం మేలు. ట్యూబు లోపలి పొరను పొడవండి. ఒక పాత కాగితం మీద కొంచెం పిండి చూడండి. తరువాత గన్నును సందుకు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలలో పట్టుకుని, ఒకే వేగంతో నడపండి. ట్రిగ్గరు నొక్కే వేగమూ, చెయ్యి నడిచే వేగమూ కలవాలి. రంగవల్లి వేసేటప్పుడు ముగ్గు జారే వేగం, చెయ్యి కదిలే వేగం కలిసినట్లే. గీత చివరికి ఒక అంగుళం ముందే బొటనవేలి రేకు నొక్కేయండి.

పది నిమిషాలలో పైన పొర కడుతుంది. ఆలోపే సబ్బునీళ్ళు చల్లి, వేలితో గాని, చిన్న పుల్లతో గాని ఒకే ఊపులో నున్నగా చేయండి. సబ్బునీళ్ళు సీలెంటు వేసిన తరువాతే చల్లాలి, ముందు కాదు. టేపును వెంటనే, సీలెంటు మెత్తగా ఉండగానే లాగండి. సన్నని గీతకు కనీసం 24 గంటలు నీరు తగలనీయకండి. లావు గీత రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున లోపలికి ఆరుతుంది గనుక ఇంకొన్ని రోజులు ఆగాలి. కిటికీలు తెరిచి పని చేయండి. పిల్లలను దూరంగా ఉంచండి.

పూడ్చకూడని సందులు

చేతిలో గన్ను ఉంటే కనిపించిన ప్రతి కన్నమూ మూయాలనిపిస్తుంది. ఈ భాగాన్ని దయచేసి శ్రద్ధగా చదవండి.

జరిగే అల్యూమినియం, యూపీవీసీ కిటికీలకు అడుగు పట్టాలో బయటి వైపు చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. పట్టాలో చేరిన వాననీరు వాటి గుండా బయటకు పోతుంది. అవి లోపమనుకుని మూసేస్తే, నీరు పొంగి గదిలోకి వస్తుంది. కిటికీ బాగు చేయబోయి చెరువు కట్టినట్లు అవుతుంది. వాటిని మూయరాదు, దుమ్ము పట్టకుండా శుభ్రం చేస్తూ ఉండాలి.

గ్యాసు గీజరు ఉన్న స్నానాలగదిలో గాలి వచ్చే దారులు ఎట్టి పరిస్థితిలోను మూయకండి. గాలి చాలకపోతే గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు గడియ పెట్టుకుని స్నానం చేస్తున్న మనిషి కేక వేయకుండానే పడిపోతాడు. మన రాష్ట్రాలలో చలికాలంలో ఇటువంటి మరణాల వార్తలు చదువుతూనే ఉన్నాము. చలిగాలి వస్తున్నదని వెంటిలేటరు అంచులు పూడ్చడం ఎంత ప్రమాదమో ఇంటిల్లిపాదికీ చెప్పండి. వీలైతే అటువంటి గీజరును స్నానాలగది వెలుపలికి మార్పించండి. వంటింట్లో కింద ఉండే గాలి దారులకూ ఇదే మాట. వంటగ్యాసు గాలికంటే బరువైనది, కారితే నేల మీదనే చేరుతుంది, అది పోయే దారి ఉండవలెను.

కారుతున్న పైపు మీద సిలికాను పూయడం రక్తం కారే గాయం మీద పౌడరు అద్దినట్లు. లోపలి నీటి ఒత్తిడికి అది ఆగదు, ప్లంబరును పిలవండి. అలాగే గోడలో పగులు నెల నెలకూ వెడల్పు అవుతుంటే, మెట్ల మాదిరిగా ఏటవాలుగా పాకుతుంటే, దానిని పూడ్చి దాచవద్దు. పెన్సిలుతో పగులు చివర గీత గీసి, తేదీ వేయండి. గీత దాటి పాకుతుంటే ఇంజనీరుకు చూపించండి. లోపల ఉన్నదానిని కనబడకుండా చేయడం బాగు చేయడం కాదు.

పని అయిన తరువాత

ముందుగా రేకు నొక్కి ఒత్తిడి వదలండి. కడ్డీని వెనక్కు లాగి ట్యూబు తీయండి. ట్యూబులో సీలెంటు మిగిలితే ముక్కులో ఒక పొడవాటి మేకు దూర్చి, పైన టేపు చుట్టి, చల్లని చోట పెట్టండి. సిలికాను గాలిలోని తేమతో గట్టిపడుతుంది గనుక కొన్ని వారాలు మాత్రమే నిలుస్తుంది. మళ్ళీ వాడేటప్పుడు మేకు లాగితే గట్టిపడిన ముద్ద దానితోపాటే వస్తుంది. గన్ను మీద అంటినదానిని ఆరకముందే కాగితంతో తుడిచి, స్పిరిటు గుడ్డతో రుద్దండి. కడ్డీ మీద సీలెంటు ఎండితే పట్టుబిళ్ళ జారుతుంది. మంచి గన్నులు చాలావరకు ఇలాగే పాడవుతాయి. ఏడాదికి ఒకసారి కుట్టుమిషను నూనె ట్రిగ్గరు కీలుకు ఒక చుక్క వేయండి. కడ్డీకి మాత్రం వేయకండి, పట్టు పోతుంది.

వెల విషయం. పలుచని రేకు గన్ను రెండు వందల రూపాయల లోపే దొరుకుతుంది. నున్నని కడ్డీ, లావైన చట్రం ఉన్నది సుమారు మూడు నుండి ఆరు వందలు ఉండవచ్చును. ఊరిని బట్టి, షాపును బట్టి మారుతుంది. ఒక్క ఇంటికి ఇది బరువనిపిస్తే, ఒకే మెట్ల మీద నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి కొనుక్కోండి. ఏడాదిలో నాలుగు రోజులు వాడే వస్తువు నాలుగు ఇళ్ళలో నాలుగు ఉండనక్కరలేదు. పని తెలిసినవారు తెలియనివారికి, ముఖ్యంగా పెద్దవారు ఒంటరిగా ఉన్న ఇళ్ళలో, ఒక గంట చేసి పెడితే ఆ ఉపకారం చాలా కాలం నిలుస్తుంది. స్నానాలగది గడప దగ్గర ఎప్పుడూ ఉండే ఆ తడి పోవడం వల్ల ఒక ముసలమ్మ కాలు జారకుండా ఉంటుంది.

ఈ వారంలోనే ఒక సాయంత్రం టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. సింకు కింద, బేసిను వెనుక, కిటికీల అంచున చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలిన ప్రతిచోటును ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితం, కొలతల టేపు పట్టుకుని షాపుకు వెళ్తే, ఏ ట్యూబు ఎంత కావలెనో మీకే తెలుస్తుంది, ఎవరి మాటా నమ్మవలసిన పని ఉండదు. తొలి వాన పడేలోగా పని పూర్తి చేసుకోండి, ఎండిన గోడకే సీలెంటు బాగా పట్టుతుంది.